పార్శ్వపు నొప్పికి విషం సూది: చరిత్ర, లెక్క

మంత్రం పనిచేస్తుందా అని ఎవరైనా అడిగితే హేతువాదులం తడుముకోకుండా "చేయదు" అంటాం. డాక్టరు రాసిన మందు పనిచేస్తుందా అంటే అంతే వేగంగా "చేస్తుంది" అంటాం. ఈ రెండో జవాబు విషయంలో మనకు కాస్త బద్ధకం ఎక్కువని నా అనుమానం. నేను ముప్పై ఏళ్ళకు పైగా రక్షణ శాఖ లెక్కల విభాగంలో బిల్లులు సరిచూసినవాణ్ణి. బిల్లు మీద ఎంత పెద్ద అధికారి సంతకం ఉన్నా, దాని వెనక వోచరు చూడకుండా పాస్ చేయకూడదని మాకు నేర్పారు. ఈ వ్యాసంలో ఒక వైద్యాన్ని ఆ పద్ధతిలోనే చూద్దాం. నేను డాక్టర్ని కాను, చదివింది బి.కాం. అయితే కూడికలు, తీసివేతలు వచ్చు. ఈ కథలో ముఖ్యంగా కావలసింది తీసివేతే.

వైద్యం పేరు బోటులినం టాక్సిన్. జనం నోట్లో "బోటాక్స్". ముఖం మీద ముడతలు పోవడానికి సినిమావాళ్ళు చేయించుకునే సూదిగానే చాలామందికి తెలుసు. దీర్ఘకాలిక మైగ్రేన్‌కు, అంటే మన పార్శ్వపు నొప్పికి కూడా దాన్ని వాడతారు. నెలలో 15 రోజులు, అంతకు మించి తలనొప్పి ఉండి, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలతో ఉండి, ఇలా 3 నెలలకు పైగా సాగితే దాన్ని దీర్ఘకాలిక మైగ్రేన్ అంటారు. ఇది ఏదో విదేశీయుల జబ్బు అనుకోకండి. 2015లో ప్రచురితమైన కర్ణాటక సర్వేలో ఏడాది కాలంలో మైగ్రేన్ అనుభవించినవారు నూటికి 25 మంది తేలారు. అందులో దీర్ఘకాలికంగా మారేది కొద్దిమందికే. కానీ ఆ కొద్దిమంది బతుకు సగం రోజులు చీకటి గదిలోనే గడుస్తుంది.

ముందు మన పాత వైద్యం సంగతి. ఆయుర్వేద గ్రంథాలు తల జబ్బుల్లో అర్ధావభేదకం, సూర్యావర్తం అని రెండింటిని చెప్పాయి. మొదటిది సగం తల పగిలిపోయే నొప్పి. రెండోది పొద్దుతో పాటు పెరిగి, పొద్దు వాలేకొద్దీ తగ్గే నొప్పి. పల్లెల్లో దీనికి సూర్యోదయానికి ముందే మంత్రం వేయించుకునే అలవాటు ఉండేది. మీరే ఆలోచించండి. పొద్దు వాలితే దానంతటదే తగ్గే నొప్పికి తెల్లవారుజామున మంత్రం వేస్తే, సాయంత్రానికి పేరు ఎవరికి వస్తుంది? ఈ ప్రశ్నను గుర్తుపెట్టుకోండి, చివరికి బోటాక్స్ కంపెనీని కూడా ఇదే ప్రశ్న అడగబోతున్నాం.

సాసేజ్‌లలో విషం

18వ శతాబ్దం చివర్లో జర్మనీలోని వుర్టెంబర్గ్ ప్రాంతంలో సాసేజ్‌లు తిన్నవారు వింతగా చనిపోయేవారు. సాసేజ్ అంటే మాంసం, రక్తం, కొవ్వు కూరి కట్టిన పేగు. 1793లో విల్ట్‌బాడ్ అనే ఊళ్ళో 13 మంది జబ్బుపడి 6 గురు చనిపోయారు. ముందు కనురెప్పలు వాలిపోయేవి, వస్తువులు రెండుగా కనిపించేవి, మింగుడు పడేది కాదు, చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోయేవి. రోగికి తెలివి మాత్రం చివరిదాకా ఉండేది.

యుస్టినస్ కెర్నర్ అనే డాక్టరు ఈ కేసులను ఒక్కొక్కటిగా పోగుచేశాడు. 1820 నాటికి 76 మంది వివరాలు, 1822లో వేసిన పుస్తకంలో 155 మంది వివరాలు రాశాడు. శవపరీక్షలు చేశాడు. జంతువుల మీద, తన మీద కూడా ఆ విషాన్ని పరీక్షించుకున్నాడు. ఇది నరాల నుంచి కండరాలకు వెళ్ళే సంకేతాన్ని ఆపేస్తోందని గ్రహించాడు. అంతటితో ఆగలేదు. నరాలు అతిగా పనిచేసే జబ్బుల్లో దీన్ని అతి తక్కువ మోతాదులో మందుగా వాడవచ్చేమో అని కూడా రాశాడు. జబ్బులకు బాక్టీరియా కారణమని తెలియని రోజుల్లో రాసిన మాట ఇది.

ఇక్కడ మనకు పనికొచ్చే ఇంకో సంగతి ఉంది. ఇదే కెర్నర్ 1829లో "ప్రెవోర్స్ట్ దివ్యదర్శిని" అని చెప్పదగ్గ ఇంకో పుస్తకం వేశాడు. ఆత్మలతో మాట్లాడుతున్నానని చెప్పిన ఒక జబ్బు స్త్రీని తన ఇంట్లో ఉంచుకుని, ఆమె చెప్పినదంతా నమ్మి రాసిన పుస్తకం. ఆ రోజుల్లో దానికీ బోలెడు పేరు వచ్చింది. రచయిత ఒక్కడే, ఒకే బుర్ర, ఒకే నిజాయితీ. మొదటి దాంట్లో 155 కేసులు, శవపరీక్షలు, పోలికలు ఉన్నాయి. రెండో దాంట్లో ఒక్క మనిషి మాట ఉంది. మొదటిది ఈనాటికీ వైద్యులకు పనికొస్తోంది, రెండోది సాహిత్య చరిత్రలో మిగిలింది. "అంత గొప్ప డాక్టరే నమ్మాడు కదా" అనే వాదన ఎదురైనప్పుడు కెర్నర్‌ను తలుచుకోవచ్చు.

విషం ఎక్కడి నుంచి వస్తోందో 1895 డిసెంబర్‌లో బెల్జియంలో బయటపడింది. ఎలెజెల్ అనే గ్రామంలో అంత్యక్రియల విందులో బ్యాండు వాయించడానికి వచ్చినవారు ఉప్పులో ఊరవేసిన పంది మాంసం తిని జబ్బుపడ్డారు, ముగ్గురు చనిపోయారు. ఎమిల్ వాన్ ఎర్మెంజెమ్ ఆ మాంసంలో గాలి తగలని చోట పెరిగే ఒక బాక్టీరియాను పట్టుకున్నాడు. సాసేజ్‌కు లాటిన్‌లో ఉన్న బోటులస్ అనే మాట మీదుగా దానికి పేరు పెట్టాడు.

మాంసం తినేవాళ్ళ జబ్బు, మనకెందుకు అనుకుంటే పొరపాటు. నేను ఇప్పుడు ఉంటున్న ఈ గుజరాత్‌లోనే 1996 సెప్టెంబర్‌లో ఒక వసతి పాఠశాలలో 34 మంది విద్యార్థులు విషాహారంతో జబ్బుపడ్డారు. ఢిల్లీ వైద్యశాస్త్రవేత్తలు పరీక్షించి, ఈ కుటుంబానికే చెందిన విషాన్ని తయారుచేసే బాక్టీరియాను "సేవు"లో కనుక్కున్నారు. సేవు అంటే శనగపిండితో చేసే కారప్పూస. శుద్ధ శాకాహారం. బోటులిజం అనుమానిత కేసుగా ఆ నివేదిక 1998లో వెలువడింది. ఇక్కడి సూరత్ మార్కెట్లో అడుగడుగునా సేవు అమ్ముతారు. సరిగా వేయించి పొడిగా ఉంచిన సేవుతో భయం లేదు. తిండి పవిత్రతను బట్టి బాక్టీరియా నడుచుకోదని మాత్రం తెలుసుకుంటే చాలు.

ఆయుధశాల నుంచి ఆసుపత్రికి

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం మేరీలాండ్‌లోని క్యాంప్ డెట్రిక్‌లో ఈ విషాన్ని ఆయుధంగా మలచాలని చూసింది. అక్కడే 1946లో దీన్ని మొదటిసారి స్ఫటిక రూపంలో శుద్ధి చేశారు. అమెరికా 1969లో జీవాయుధాలను, 1970లో విషాయుధాలను మానేస్తున్నట్టు ప్రకటించింది. 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం వీటిని నిషేధించింది. అయినా ఇరాక్ 19,000 లీటర్ల గాఢమైన బోటులినం విషం తయారుచేసినట్టు 1995లో ఐక్యరాజ్యసమితి తనిఖీదార్ల ముందు ఒప్పుకుంది.

డెట్రిక్‌లో పనిచేసిన ఎడ్వర్డ్ షాంట్జ్ దగ్గర నుంచి ఈ విషాన్ని తెప్పించుకున్న కంటి డాక్టరు ఆలన్ స్కాట్. ఊరు శాన్‌ఫ్రాన్సిస్కో. మెల్లకన్నుకు ఆపరేషన్ లేకుండా, లాగుతున్న కండరాన్ని కాస్త బలహీనపరిస్తే చాలదా అని ఆయన ఆలోచన. ముందు కోతుల మీద, తర్వాత మనుషుల మీద పరీక్షించి 1980లో ఫలితాలు ప్రచురించాడు. 1989 డిసెంబర్‌లో మెల్లకన్నుకు, రెప్పలు బిగుసుకుపోయే జబ్బుకు అమెరికాలో అనుమతి వచ్చింది. 1991లో అలెర్గాన్ కంపెనీ ఈ మందును కొనుక్కుంది.

లెక్కలవాణ్ణి కాబట్టి నన్ను ఆకట్టుకున్న అంకె ఒకటి చెబుతాను. షాంట్జ్ 1979 నవంబర్‌లో తయారుచేసిన ఒక్క బ్యాచ్ బరువు సుమారు 150 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పు కంటే తక్కువ. 1997 దాకా అమెరికాలో మనుషులకు వాడిన మందుకు ఆ ఒక్క బ్యాచ్ సరిపోయింది.

ఇక్కడ హోమియోపతి మిత్రులు "చూశారా, విషానికి విషమే విరుగుడు, మా సిద్ధాంతమే కదా" అంటారు. కాదు. జబ్బు లాంటి లక్షణాలను పుట్టించే పదార్థమే ఆ జబ్బుకు మందు అని వాళ్ళ సిద్ధాంతం. బోటులినం చేసేది దానికి తలకిందులు, బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది. రెండోది మోతాదు. మైగ్రేన్‌కు ఇచ్చే మోతాదులో విషం ఒక గ్రాములో కోటి వంతు కూడా ఉండదు. అయినా అణువుల లెక్క వేస్తే కొన్ని వందల కోట్లు తేలుతాయి. హోమియోలో 30 సి అని రాసిన సీసాలో మూల పదార్థం అణువు ఒక్కటి కూడా మిగిలే అవకాశం లేదు. తక్కువ వేరు, శూన్యం వేరు.

ముడతల డాక్టరు, తలనొప్పి మాట

1992 ప్రాంతంలో బెవర్లీ హిల్స్‌లో విలియం బైండర్ అనే డాక్టరు నుదుటి ముడతలకు ఈ సూదులు వేసేవాడు. ముడతల కోసం వచ్చినవాళ్ళు "డాక్టరుగారూ, నా తలనొప్పి కూడా పోయిందండీ" అనడం మొదలుపెట్టారు. ఆయన అలాంటివాళ్ళ వివరాలు కూడగట్టి 2000లో ప్రచురించాడు. 77 మంది మైగ్రేన్ రోగుల్లో 51 శాతం మందికి నొప్పి పూర్తిగా పోయిందట!

ఈ 51 శాతాన్ని మనం పాస్ చేయవచ్చా? పోల్చడానికి రెండో గుంపు లేదు. ఏ సూది పొడుస్తున్నారో రోగికీ తెలుసు, డాక్టరుకూ తెలుసు. మంత్రం వేసేవాడు చూపించే వోచరు కూడా సరిగ్గా ఇలాంటిదే. తేడా ఒక్కటే. ఇక్కడ తర్వాతి మెట్టు ఎక్కారు. ఉప్పునీటి సూదితో పోల్చి పరీక్షించారు. అప్పుడప్పుడూ వచ్చే మామూలు మైగ్రేన్ మీద చేసిన పరీక్షల్లో ఈ మందు వరసగా తప్పింది. ఉప్పునీటి సూది కంటే మెరుగనిపించుకోలేకపోయింది. 51 శాతం ఎటుపోయిందో చూశారా?

మిగిలింది దీర్ఘకాలిక మైగ్రేన్. దాని మీద రెండు పెద్ద పరీక్షలు జరిగాయి. మొత్తం 1,384 మంది. 2010లో ఫలితాలు వచ్చాయి. నుదురు, కణతలు, తల వెనక, మెడ, భుజాల మీద 31 చోట్ల, చోటుకు 5 యూనిట్ల చొప్పున 155 యూనిట్లు, 12 వారాలకు ఒకసారి. (కెర్నర్ పుస్తకంలోనూ 155 మందే. సంఖ్యాశాస్త్రం వాళ్ళ చెవిన పడితే దీని మీద ఒక టీవీ కార్యక్రమం చేస్తారు. కేవలం కాకతాళీయం.)

ఇప్పుడు వోచర్లు చూద్దాం. మొదటి పరీక్షలో ముందుగా ప్రకటించిన కొలత, తలనొప్పి ఎన్నిసార్లు వచ్చిందనేది. మందు తీసుకున్నవారిలో 5.2 తగ్గాయి, ఉప్పునీరు తీసుకున్నవారిలో 5.3 తగ్గాయి. అంటే ఆ కొలత ప్రకారం ఫెయిల్. తలనొప్పి ఉన్న రోజుల సంఖ్యలో మాత్రం తేడా కనిపించింది. రెండో పరీక్ష ఇంకా తేలకముందే దాని ముఖ్య కొలతను రోజుల సంఖ్యకు మార్చారు. ఆ కొలతలో అది నెగ్గింది. 9.0 రోజులు తగ్గుదల మందుకు, 6.7 ఉప్పునీటికి. రెండు పరీక్షలూ కలిపితే 28 రోజులకు 8.4 రోజులు మందుకు, 6.6 రోజులు ఉప్పునీటికి. ఆటగాడు మధ్యలో గోల్‌పోస్టు జరిపినట్టుందని విమర్శకులు అన్నారు. రోజుల లెక్కే రోగికి ముఖ్యం అని సమర్థకులు అన్నారు. రెండు మాటల్లోనూ పస ఉంది.

ఇక తీసివేత. 8.4 లోంచి 6.6 తీసేస్తే 1.8. నెలకు రెండు రోజులకు కాస్త తక్కువ. మందు సంపాదించింది అంతే. మిగతా 6.6 రోజులు ఎక్కడివి? నమ్మకం ఇచ్చిన ఉపశమనం కొంత. డాక్టరు శ్రద్ధగా చూడటం వల్ల కొంత. నొప్పి బాగా ముదిరినప్పుడే మనిషి వైద్యానికి వెళ్తాడు కాబట్టి, ఆ తర్వాత అది సహజంగా తగ్గడం వల్ల కొంత. మంత్రగాడు, తాయెత్తు కట్టేవాడు, పసరు పోసేవాడు తరతరాలుగా బతుకుతున్నది ఈ 6.6 మీదే. అందుకే "తగ్గింది" అని చెప్పే జనం అబద్ధం ఆడటం లేదు. వాళ్ళకు నిజంగానే తగ్గింది. తగ్గించింది ఎవరన్నదే తగువు.

ఈ 1.8 కూడా పూర్తిగా నికరం కాదనే వాదన ఉంది. అసలు మందు పడినవాడికి నుదురు ముడుచుకోదు. అద్దంలో చూసుకుంటే తనకు ఏ సూది పడిందో తెలిసిపోవచ్చు. పక్షపాతం అక్కడ దూరుతుంది. అయితే తర్వాత ఎన్నో పరీక్షలను కలిపి చూసిన 2012 నాటి, 2018 నాటి సమీక్షలు కూడా దీర్ఘకాలిక మైగ్రేన్‌లో నెలకు సుమారు 2 రోజుల లాభం దగ్గరే తేలాయి. శాస్త్రీయంగా కారణం కూడా కనిపిస్తోంది. నరం చివర నుంచి రసాయనాలు బయటికి రావడానికి అవసరమైన ఒక ప్రోటీన్‌ను ఈ విషం కత్తిరిస్తుందని 1993లో తేలింది. కండరాన్ని కదిలించే రసాయనమే కాదు, నొప్పిని రేపే రసాయనాలు కూడా ఆ దారినే రావాలి. ఆ దారి కొంతకాలం మూతపడి, నెలల్లో మళ్ళీ తెరుచుకుంటుంది. 12 వారాలకు ఒకసారి పొడిపించుకోవడం అందుకే.

అనుమతి ఇచ్చిన నాటి సంగతి కూడా చెప్పాలి. అమెరికా ఔషధ సంస్థ 2010 అక్టోబర్ 15న దీర్ఘకాలిక మైగ్రేన్‌కు బోటాక్స్‌ను అనుమతించింది. దానికి ఆరు వారాల ముందు, సెప్టెంబర్ 1న, అనుమతి లేని జబ్బులకు దాన్ని ప్రచారం చేసినందుకు 60 కోట్ల డాలర్లు కట్టడానికి అలెర్గాన్ ఒప్పుకుంది. ఆ జబ్బుల జాబితాలో తలనొప్పి కూడా ఉంది. అంటే రుజువు రాకముందే అమ్మకం మొదలైంది. తర్వాత రుజువు వచ్చింది, అదీ ప్రచారం చేసినంత పెద్దది కాదు. బాబాను అనుమానించే కన్నుతోనే కంపెనీనీ చూడమని అనేది అందుకే.

సూరత్‌లో ఈ లెక్క ఎవరికి కావాలి?

సూరత్‌లో లింబాయత్ చుట్టుపక్కల తెలంగాణ నుంచి తరాలుగా వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. మగ్గాల చప్పుడు, చీరల మీద రాళ్ళు అంటించే పని, రాత్రి షిఫ్టులు. మైగ్రేన్ ఉన్నవారికి చప్పుడు, వెలుతురు, నిద్ర చాలకపోవడం మూడూ శత్రువులే. మాకు తెలిసిన ఒకావిడ ఇంటి దగ్గర చీరల పని చేస్తుంది. ఒక ప్రైవేటు క్లినిక్‌లో ఈ సూదుల గురించి చెప్పారట. "ముప్పై ఒక్క సూదులంట సారూ, ఒక్కసారికి వేలకు వేలు అయితయంట. గాజులు కుదువ పెట్టి చేయించుకొమ్మంటరా?" అని అడిగింది.

నేను మందు చెప్పే మనిషిని కాను. రెండు ప్రశ్నలు మాత్రం అడిగాను. నెలలో ఎన్ని రోజులు నొప్పి? నెలలో ఎన్ని రోజులు మాత్ర వేసుకుంటున్నావమ్మా? మొదటిదానికి "లెక్క పెట్టలే" అంది. రెండోదానికి "దాదాపు రోజూ" అంది. మందుల షాపులో అడిగి కొనుక్కునే మామూలు నొప్పి మాత్రే.

అసలు కిటుకు ఇక్కడ ఉంది. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, మిశ్రమ మాత్రలు లేదా మైగ్రేన్ కోసం ఇచ్చే ట్రిప్టాన్లు 10 రోజులు, ఇలా 3 నెలలు దాటి వాడితే ఆ మాత్రలే తలనొప్పిని పెంచుతాయి. 2010 నాటి పరీక్షల్లో పాల్గొన్నవారిలో మూడింట రెండు వంతుల మంది ఇలా అతిగా మాత్రలు వాడేవారే. నెదర్లాండ్స్‌లోని లైడెన్ వైద్యులు 2019లో ఒక తెలివైన పరీక్ష ప్రచురించారు. అలాంటి 179 మంది చేత నొప్పి మాత్రలు ఒక్కసారిగా మాన్పించారు. సగం మందికి బోటాక్స్, సగం మందికి ఉత్తుత్తి సూది. ఉత్తుత్తి గుంపుకు కూడా నుదుటి మీద మాత్రం కొద్దిగా అసలు మందు వేశారు, అద్దంలో చూసి కనిపెట్టకుండా! తలనొప్పి రోజులు ఒక గుంపులో 26.9 శాతం, రెండో గుంపులో 20.5 శాతం తగ్గాయి. ఆ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పడానికి చాలదు. మాత్రలు మానడమే అక్కడ పెద్ద వైద్యం, దానికి గాజులు తాకట్టు పెట్టక్కరలేదు.

ఆవిడ ఒక నోటుబుక్కులో నొప్పి రోజులు రాసుకోవడం మొదలుపెట్టింది, పెద్దాసుపత్రిలో నరాల డాక్టరుకు చూపించింది. ఆయన సలహాతో మాత్రలు తగ్గించింది. మొదటి రెండు వారాలు నొప్పి ఎక్కువైంది, తర్వాత కొంత నెమ్మదించింది. ఇది రుజువని నేను చెప్పను. ఒక్క మనిషి, పోలిక లేని లెక్క. బైండర్ గారి 51 శాతాన్ని పాస్ చేయనివాడు దీన్ని ఎలా పాస్ చేస్తాడు?

మరి బోటాక్స్ ఎవరికి? బ్రిటన్ ప్రభుత్వ సంస్థ 2012లో దీనికి ఒక నియమం పెట్టింది. నోటితో వేసుకునే కనీసం 3 రకాల నివారణ మందులు వాడి ఫలితం లేనివారికి, మాత్రల అతివాడకం సంగతి చూసుకున్నాకే ఇవ్వాలి. రెండు విడతల తర్వాత తలనొప్పి రోజులు 30 శాతమైనా తగ్గకపోతే ఆపేయాలి. ప్రజల డబ్బుతో నడిచే వైద్యం కాబట్టి అంత కచ్చితంగా రాశారు. మన సొంత డబ్బుకు కూడా అదే నియమం పెట్టుకుంటే తప్పేముంది? దుష్ఫలితాలు చాలామందికి చిన్నవే. మెడనొప్పి నూటికి 9 మందికి (ఉప్పునీటి గుంపులో 3), రెప్ప వాలడం 4 మందికి. విషం దూరపు కండరాలకు పాకే అరుదైన ప్రమాదం ఉందని 2009 నుంచి మందు లేబుల్‌లో హెచ్చరిక రాయిస్తున్నారు. కాబట్టి బ్యూటీ పార్లర్‌లో చేయించుకునే పని కాదు.

నెలకు రెండు రోజులు చిన్న లాభమా? నెలలో ఇరవై రోజులు చీకటి గదిలో పడుకునే మనిషికి ఏడాదిలో ఇరవై పైచిలుకు రోజులు తిరిగి రావడం చిన్నది కాదు. గాజులు కుదువ పెట్టేంత పెద్దదా అన్నది ఎవరి ఇంటి లెక్క వారిది. ఆ లెక్క వేసుకునే ముందు వాళ్ళకు 8.4 ఒక్కటే చెప్పకూడదు, పక్కన ఉన్న 6.6 కూడా చెప్పాలి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో పార్శ్వపు నొప్పి మనిషి ఉంటే, ఈ వారమే ఒక నోటుబుక్కు కొనిచ్చి రెండు గళ్ళు గీయండి. నొప్పి వచ్చిన రోజు ఒక గడిలో, మాత్ర వేసుకున్న రోజు ఇంకో గడిలో. దాన్ని పట్టుకుని డాక్టరు దగ్గరికి పంపించండి.